సౌభాగ్య నోట రాని మాట

రాయచెర్లు రామాంజినేయులుకు తన గొంతు మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదని గిట్టనివాళ్ళు అంటారు. అది నిజం కాదు. ఆయనకు రెండింటి మీదా సమానంగానే ఉంది. ప్రతి శనివారం ఆంజనేయస్వామి గుడిలో భజన ఎత్తుకునేది ఆయనే. మిగతా రోజుల్లో సోలారు పలకలు కడిగే గుంపుకు మేస్త్రీ. ఆయన పాట పలకలు కూడా వినాల్సిందే. పాపం, అవి లేచి పోలేవు కదా.

అలాంటి మనిషి చెవిన ఒక వార్త పడింది. తిరుమణిలో సోలారు కంపెనీవాళ్ళు పనివాళ్ళ కుటుంబాలకు వేడుక చేస్తున్నారట. అందులో కరోకే పోటీ ఉందట. సంగీతం మిషనే వాయిస్తుంది, పాట అక్షరాలు టీవీలో వస్తాయి, చూసి పాడటమే. కాని మొగుడూ పెళ్ళాం జంటగా పాడాలి.

అక్కడే వచ్చింది చిక్కు. భార్య సౌభాగ్య పాడగా ఆయన ఎన్నడూ వినలేదు. పెళ్ళైన కొత్తలో ఆమె భజనకు వచ్చి, అందరూ అందుకుంటూ ఉంటే పెదవి కదపకుండా నిలబడింది. "నోరు కదిలించనోళ్ళు గుడికి ఎందుకొచ్చేది?" అని ఈయన అందరి ముందరా అనేశాడు. అప్పటినుంచి ఆమె శనివారం ప్రదక్షిణలు చేసి, భజన మొదలుకాకముందే ఇల్లు చేరుతుంది. ఇరవై రెండేళ్ళుగా అంతే. గొంతు లేని మనిషి, సిగ్గుపడుతోందిలే అని ఆయన సరిపెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ గొంతుతోనే పనిపడింది. కూతురు ధనుశ్రీ ఫోనులో ఒక పాట పెట్టింది.

"ఇది బాగుండాది," అన్నాడు రామాంజినేయులు. "నేను రెండు మాటలు, నువ్వు రెండు మాటలు."

సౌభాగ్య చేటలో శెనక్కాయలు ఒలుస్తూ మొత్తం వింది. "ఇది వద్దప్పా."

"ఏం?"

"నడుమ ఒక మాట వస్తాది. అది నా నోట రాదు."

ఆయన మళ్ళీ విన్నాడు. నడుమ 'ప్రియా' అని ఉంది. నిజమే, సంసారి నలుగురిలో ఎట్లా అంటుంది? ప్రియ లేని పాట వెతికించాడు. అందులో బావ మరదలి కొంగు లాగుతాడు.

"ముందర మా చిన్నమామ కూచోనుంటాడు. ఆయన కండ్ల ముందర నా కొంగు లాగుతావా?"

"నేను లాగనే! పాటలో లాగుతాడు."

"అట్లయితే నేనూ పాటలోనే కొడతా, తెలిసిందా?"

ఆయన తగ్గాడు. శృంగారంతో తలనొప్పి ఎందుకని చివరికి సీతారాముల మీద ఒక భక్తి పాట పెట్టించాడు. దీన్ని కాదనే నోరు ఎవరికుంటుంది?

సౌభాగ్యకు ఉంది. "ఇది అసలే వద్దు. ఆ మాట ఒకసారి కాదు, మాటిమాటికీ వస్తాది."

"శృంగారం వద్దు, భక్తి వద్దు! ఇంక దేని మీద పాడాల? సోలారు పలకల మీదనా?"

"అది పాడుదాం. దాంట్లో ఆ మాట ఉండదు."

ధనుశ్రీ ఫోనులో తల దూర్చి నవ్వింది. ఎందుకు నవ్వావని ఆయన అడగలేదు. అడగటం ఆయనకు అలవాటు లేదు.

అడగకుండా ఉపాయం మాత్రం పన్నాడు. ఒక ప్రేమికుడు చిలుకతో కబురు పంపే పాట దొరికింది. మాటలన్నీ మగవాడివే, ఆడమనిషికి వట్టి కూనిరాగం. పేరుకు జంట, పాటంతా తనది!

"ఊ... ఊ... అంటే చాలునా?" అంది సౌభాగ్య. "అయితే సరే."

ఆయన పల్లవి ఒక్కటే కంఠతా పట్టాడు. చరణాలు టీవీలో వస్తుంటే కష్టపడటం ఎందుకు?

వేడుక రోజు షామియానా నిండిపోయింది. రామాంజినేయులు పల్లవి ఎత్తుకోగానే ఈలలు పడ్డాయి. ఆయన ఛాతీ ఒక అంగుళం పెరిగింది. తర్వాత చరణం వచ్చింది. టీవీలో అక్షరాలు వచ్చాయి. తెలుగు అక్షరాలు.

ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఊరు ఉన్నది కన్నడ సీమలో, కాబట్టి ఆ ఊళ్ళో అందరిలాగే ఆయన చదివింది కన్నడ బడిలో. భజన పుస్తకం కూడా తెలుగు పాటలను కన్నడంలో రాసుకున్నదే. రెండు లిపులూ దగ్గర చుట్టాలు, నిదానంగా కూడబలుక్కుంటే ఆయనకు రాకపోదు. కాని మిషన్‌కు నిదానం ఎవరు నేర్పారు? ఆయన మొదటి మాట పోల్చుకునేసరికి మూడో వరుస దాటిపోయింది. నోరు తెరిచే ఉంది, పాట లేదు.

సౌభాగ్య పుట్టిల్లు సరిహద్దు అవతల, మడకశిర వైపు. ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. కూనిరాగం ఆపి, మగవాడి చరణాన్ని ఆమె అందుకుంది.

ఆ గొంతు ఎక్కడిది! చేలు కంపెనీకి ఇవ్వకముందు, కలుపు తీసే ఆడవాళ్ళతో పాడిన గొంతు అది. అప్పుడు ఈయన గట్టున ఉండి, ఎవరో బాగా పాడుతున్నారు అనుకునేవాడు. ఎవరో కాదన్నమాట.

మైకు పట్టుకుని ఊరికే నిలబడితే బాగుండదు కాబట్టి రామాంజినేయులు మెల్లగా మొదలుపెట్టాడు. "ఊ... ఊ..."

చరణం చివర 'రామచిలుకా' అని వచ్చింది. సౌభాగ్య క్షణం ఆగింది. తాళం తప్పకుండా, "ఓ ఇంటాయన చిలుకా" అని పాడేసింది.

షామియానా నవ్వుతో ఊగింది. ముందు వరుసలో ముసలామె, "మొగుని పేరు కదమ్మా, యాడ అంటాది!" అని చప్పట్లు కొట్టింది.

రామాంజినేయులు కూడా నవ్వాడు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. తాను ఎత్తుకునే భజనల్లో రాముడు లేనిది ఏది? ఆంజనేయుడు లేనిది ఏది? ఇద్దరూ కలిస్తేనే కదా తన పేరు.

బండి మీద ఇంటికి వస్తుంటే దారి పొడవునా పలకలు మెరుస్తున్నాయి. ఆయన, "అది దేవుని పేరు గదే," అన్నాడు.

"నీ పేరు కూడా అదే గదప్పా. మొగుని పేరెత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతాదని మీయమ్మ చెప్పె."

"నేను గుళ్ళో అంత మాటన్నప్పుడన్నా చెప్పకూడదా?"

"అంతమందిలో యాడ చెప్పేది? ఇంటికొచ్చినాక అడుగుతావని చూసినా. నువ్వు అడగలే."

"ఇప్పుడను. ఒక్కసారి. నాకేం కాదు."

ఆమె నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. "రాదప్పా. నువ్వే పేరు మార్చుకో పో."

ఆమె నవ్వింది గాని ఆయనకు నవ్వు రాలేదు. ఒక భక్తురాలి నోట తన నామం ఆపి, ఆ ఆయుష్షు మొగుడికి పోయమని స్వామి ఎప్పుడైనా అడిగాడా?

ఆ వారమంతా ఆయన రహస్యంగా ఒక కృష్ణుడి భజన నేర్చుకున్నాడు. వెతికి చూశాడు, రాముడు గాని ఆంజనేయుడు గాని ఎక్కడా లేరు. శనివారం గుడిలో అదే ఎత్తుకున్నాడు.

"ఆంజనేయుని ముందర కృష్ణుని పాటేందప్పా?" అన్నాడు నల్లప్ప తాత.

"స్వామి ఏమీ అనుకోడులే తాతా," అని ఆడవాళ్ళ వైపు చూస్తూ పాడాడు. సౌభాగ్య లేదు. ఎప్పటిలాగే ప్రదక్షిణలు చేసి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి ఆమె పొయ్యి దగ్గర రాగి ముద్ద కెలుకుతోంది.

"ఈపొద్దు కృష్ణుని పాట ఎత్తుకున్యావే! మైకులో వినపడె. మా ఊరి పాట అది. రెండో చరణం నువ్వు వదిలేస్తివి, నేను ఈడనే పాడుకున్యా."

"నీ కోసరమే నేర్చుకున్యా. నువ్వు ఆడ పాడతావని."

సౌభాగ్య గరిటె ఆపి ఆయన వైపు తిరిగింది. "ఆ మాట నాతో చెప్పినావా?"

రామాంజినేయులు గొంతు సవరించుకున్నాడు.

"చెప్పలే," అన్నాడు. ఆయన అంత చిన్నగా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు.