పంతొమ్మిది ఒకట్లు

ఆ ఉదయం అమ్మ అనుకున్నది చాలా చిన్న పని. కూతురికి నాలుగు ముద్దలు తినిపించి, పది గంటల డెమో క్లాసుకు బడికి పంపించాలి. లెక్కల టీచరు ఉద్యోగానికి ఇది మూడో ప్రయత్నం. ఇదీ పోతే జన్మలో లెక్కల పుస్తకం ముట్టనని కూతురు ఒట్టు పెట్టుకుంది.

పాఠానికి కావలసిన బారెడు తెల్ల అట్ట ముందుగదిలో గోడకు ఆనించి ఉంది. దాని మీద పెయింటరు వరసగా పంతొమ్మిది ఒకట్లు రాశాడు. ఆ మహా సంఖ్యను ఒకటీ, అదీ తప్ప లోకంలో మరే సంఖ్యా శేషం లేకుండా భాగించలేదట.

"మరి ఒక్క ఒకటి తగ్గిందనుకో?" అంది అమ్మ.

"నా పరువు తగ్గుతుందమ్మా," అని కూతురు నవ్వుతూ స్నానానికి వెళ్లింది.

అమ్మ హడావుడిగా వేలు పెట్టి లెక్కపెట్టింది. పద్దెనిమిదే! చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, వీధి చివర కొట్లోంచి పెయింటరును లాక్కొచ్చింది.

"సరిగ్గానే రాశానండీ అమ్మగారూ!"

"నా కొంప ముంచకు నాయనా! ఇంకొకటి గియ్యి. గీతేగా, నీ సొమ్మేం పోయింది?"

అతను కుడి చివర ఇంకో ఒకటి గీసి వెళ్లాడు. కాసేపటికి నాన్న ఊసుపోక లెక్కపెడితే ఇరవై తేలాయి. చెబితే ఇల్లాలు ఇల్లు పీకి పందిరేస్తుందని, ఎడమ చివరి ఒకటి మీద గుట్టుగా తెల్ల కాగితం అంటించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పెయింటరుకు కొట్లో మనసు నిలవలేదు. తన పనికి మచ్చ రాకూడదని మళ్లీ వచ్చి, అమ్మ వంటింట్లో ఉండగా, తాను చేర్చిన ఒకటిని తెల్లరంగుతో చెరిపేసి పిల్లిలా వెళ్లిపోయాడు. అలా ముగ్గురు శ్రేయోభిలాషులు కలిసి పద్దెనిమిది మిగిల్చారు. కూతురు అట్టకు పాత పేపరు చుట్టి, అదే పట్టుకుని బస్సెక్కింది. వెనకే అమ్మ కూడా.

అమ్మ బడి వరండా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. లోపల హెడ్మాస్టరు గారు చివరి బెంచీలో కూర్చున్నారు.

"ఒకటీ, ఇదీ తప్ప దీన్ని ఏ సంఖ్యా భాగించలేదు," అంది కూతురు ధీమాగా.

రెండో బెంచీ పిల్ల లేచింది. "టీచర్, అంకెలన్నీ కూడితే పద్దెనిమిది. తొమ్మిదితో పోతుంది కదండీ!"

క్లాసు గొల్లుమంది. కిటికీ అవతల అమ్మ ఆ రెండు క్షణాల్లోనే ఉద్యోగం పోగొట్టి, కూతుర్ని మంచాన పడేసి, డాక్టరును కూడా పిలిచేసింది.

కూతురు అట్ట వైపు చూసింది. మొహం ఎర్రబడింది. స్కెచ్ పెన్ను తీసి చివర ఇంకో ఒకటి గీసింది.

"శభాష్! పట్టేశావు. ఇప్పుడు భాగించండి, చూద్దాం!"

పిల్లలు నోటుపుస్తకాల మీద పడ్డారు. మూడు ఓడింది. ఏడు ఓడింది. పదకొండు ఓడింది. గంట కొట్టినా ఒక్కరూ తల ఎత్తలేదు.

"కావాలనే తప్పు పెట్టారన్నమాట!" అన్నారు హెడ్మాస్టరు. "భాగహారానికి పిల్లలు ఇలా ఎగబడటం నేను చూడలేదమ్మా. రేపే చేరండి. రోజూ ఇలాంటి తప్పు ఒకటి ఉండాలి సుమా!"

ఇంటికి చేరాక నాన్నా, పెయింటరూ తాము చేసింది ఒప్పుకుంటుంటే కూతురు నవ్వుతూనే ఉంది. అమ్మకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది: ఒక్క తప్పుకే ముగ్గురు మనుషులు పట్టారు, రోజుకో తప్పంటే ఎక్కడ సరిపోతారు?