రాజుగారి అయిదో కాలు

ఒక పెద్ద అడవి. అడవన్నాక రాజుండాలి కాబట్టి సింహం ఉంది. రాజన్నాక ఆయన బొమ్మలుండాలి కాబట్టి వాటిని వేసే కంపెనీ కూడా ఉంది. దాని పేరు శిఖామణి డిజైన్ స్టూడియో. యజమాని శిఖామణి ఒక నెమలి.

శిఖామణికి బొమ్మ వెయ్యడం రాదు. కానీ ఎవరో వేసిన బొమ్మ పక్కన నిలబడి పింఛం విప్పేవాడు. దాంతో చూసేవాళ్ళకి బొమ్మ కూడా బాగున్నట్టే ఉండేది. ఆ ఒక్క విద్యతోనే స్టూడియో నెట్టుకొస్తున్నాడు.

నిజంగా బొమ్మలు వేసేది రంగనాయకి అనే ఊసరవెల్లి. తోక కొసే ఆమె కుంచె. "ఊసరవెల్లిలా రంగులు మారుస్తావేం?" అని అడవిలో జంతువులు ఒకదాన్నొకటి తిట్టుకున్నప్పుడల్లా రంగనాయకికి నవ్వొచ్చేది. "మార్చడమే నా ఉద్యోగం నాయనా, మీరంతా ఊరికే మారుస్తున్నారు" అనుకునేది.

అయితే కొంతకాలంగా ఆమెకి బొమ్మ కుదరడం లేదు. ఏది వేసినా పాత బొమ్మే మళ్ళీ వేసినట్టుండేది. ఈ సంగతి శిఖామణి కనిపెట్టాడు. "మీకు ప్రేరణ తగ్గింది" అని తేల్చి, రోజూ పొద్దున్నే సిబ్బందినందరినీ జలపాతం ముందు కూర్చోబెట్టాడు. "కళ్ళార్పకుండా చూడండి. ప్రేరణ దానంతటదే వస్తుంది" అన్నాడు. బార్డర్లు అల్లే సాలీడుకి జలుబొచ్చింది. అక్షరాలు అల్లే గిజిగాడికి దగ్గొచ్చింది. ప్రేరణ మాత్రం రాలేదు.

ఆ రోజుల్లోనే మంత్రి జంబులింగం స్టూడియోకి వచ్చాడు. జంబులింగం నక్క.

"కేసరి మహారాజుగారి పట్టాభిషేక వార్షికోత్సవం దగ్గరపడుతోంది. ప్రతి రేవులోనూ, ప్రతి దారి మలుపులోనూ ప్రభువుల బొమ్మ ఉండాలి. కొత్త బొమ్మ. చూడగానే దండం పెట్టాలనిపించాలి" అన్నాడు.

రంగనాయకి గుహకి వెళ్ళి రాజుగారి ఎదురుగా కూర్చుంది. పేరుకి కేసరి గానీ, ముసలితనం వచ్చి జూలు చాలావరకు రాలిపోయింది. మిగిలింది పాత చీపురులా ఉంది. ఎడమ చెవి సగానికి చిరిగి ఉంది. ఒకప్పుడు కార్చిచ్చు నుంచి పారిపోతున్న జింక పిల్లల్ని రేచుకుక్కలు వాగు దగ్గర చుట్టుముడితే, ఆ గుంపుకి ఎదురు నిలబడ్డప్పుడు చిరిగిన చెవి అది. ఆ పిల్లల్లో కొన్నిటిని తరవాత ఆయనే తిన్నాడనుకోండి, అది వేరే సంగతి. ఆ రోజుకి మాత్రం కాపాడాడు.

ఆ చెవిని చూస్తూ చూస్తూ రంగనాయకి తోక దానంతటదే కదిలింది. జలపాతమూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. బాదం ఆకు మీద ముసలి సింహం వచ్చి కూర్చుంది. చిరిగిన చెవి, అలసిన కళ్ళు, అయినా దారివ్వని ముఖం. ఎన్నాళ్ళకో ఒక బొమ్మ ఆమెకే నచ్చింది.

జంబులింగం ఆకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"బాగుంది. చాలా బాగుంది. కానీ ఏదో తక్కువైంది."

"ఏం తక్కువైందో చెప్తే దిద్దుతానండి."

"అది నేనే చెప్తే ఇక నువ్వెందుకమ్మా?" అని, మళ్ళీ ఆకు వైపు చూసి, "ఆ చెవి ఏంటి?" అన్నాడు.

"చెవి నిజంగానే చిరిగింది కదా మంత్రిగారూ."

"నిజం అందరికీ తెలిసిందే. తెలిసినదానికి మళ్ళీ బొమ్మెందుకు?"

రంగనాయకి ఆకుని చుట్టి చెట్టు తొర్రలో దాచేసుకుంది.

మర్నాడు స్టూడియోకి పికవాణి వచ్చింది. పికవాణి కోయిల. అడవులన్నీ తిరిగి కొత్త కొత్త వస్తువులు అంటగట్టడం ఆమె వ్యాపారం. ఆమె గొంతు విన్నవాళ్ళు వస్తువు చూడకుండానే కొనేసేవాళ్ళు. ఆమె వెనక నాలుగు తాబేళ్ళు నల్లగా మెరిసే ఒక పలక మోసుకొచ్చాయి.

"ఇది మాయపలక. మీరు నోటితో చెప్పండి, అది బొమ్మ వేసేస్తుంది. కుంచె అక్కర్లేదు, రంగులక్కర్లేదు, ప్రేరణ అసలే అక్కర్లేదు" అంది పికవాణి.

"ప్రేరణ కూడా అక్కర్లేదా!" శిఖామణి ఆనందం పట్టలేక పింఛం విప్పేశాడు.

"దీనికి బొమ్మలెయ్యడం ఎవరు నేర్పారు?" అని అడిగింది రంగనాయకి.

"మీరే నేర్పుతారు. ఇప్పటిదాకా మీరేసిన బొమ్మలన్నీ దాని ముందు పరచండి. అన్నీ మింగేసి అలాంటివే వేస్తుంది."

"కష్టం మాది, బొమ్మ దానిదా?"

పికవాణి తియ్యగా నవ్వింది. "మా జాతికి గూడు కట్టడం రాదమ్మా. అయినా మా పిల్లలు పెరగడం లేదూ?"

శిఖామణి స్టూడియోలో ఉన్న బొమ్మలన్నీ పలక ముందు పరిపించాడు. పలక రంగనాయకి పువ్వుల్ని మింగింది, సాలీడు బార్డర్లని మింగింది. ఆ ఏడాది స్టూడియోకి ఎక్కువగా వచ్చినవి జెర్రుల పెళ్ళి బొమ్మలు. వాటినీ మింగింది. రంగనాయకికి కొత్త ఉద్యోగం ఇచ్చారు. బొమ్మ వెయ్యక్కర్లేదు, పలకకి చెప్తే చాలు.

మంత్రి ఎదుట పరీక్ష మొదలైంది.

"సింహం" అంది రంగనాయకి. పలక మీద సింహం వచ్చింది. "రాజు" అంది. కిరీటం వచ్చింది.

"వయసు తగ్గించమను" అన్నాడు జంబులింగం. తగ్గింది. "జూలు పెంచమను." పెరిగింది. "ఇంకా!" జూలు వెనక నుంచి సూర్యుడు కూడా ఉదయించాడు.

"అద్భుతం!" అని అరిచాడు జంబులింగం. "ఇదీ మన ప్రభువంటే! నేను మనసులో అనుకున్నది ఇదే!"

అందరూ చప్పట్లు కొట్టారు. రంగనాయకి కళ్ళు రెండూ చెరో వైపు తిరుగుతాయి కాబట్టి ఒక కన్ను జూలు చూసింది, ఇంకోటి కిందికి వెళ్ళింది.

"మంత్రిగారూ, కాళ్ళు అయిదున్నాయండి" అంది.

చప్పట్లు ఆగిపోయాయి. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టారు. అయిదే.

"ఇంకోసారి వెయ్యమనండి" అన్నాడు శిఖామణి. రంగనాయకి మళ్ళీ చెప్పింది. ఈసారి పలక ఆరు కాళ్ళు వేసింది. ఆ జెర్రుల పెళ్ళి బొమ్మలు పలకకి బాగా వంటబట్టాయి.

"అయిదే నయం" అన్నాడు శిఖామణి.

ఇప్పుడు జంబులింగానికి చిక్కొచ్చిపడింది. అద్భుతమని అందరి ముందూ అరిచాడు. కాదంటే తన కళ్ళకే చెడ్డపేరు. గొంతు సవరించుకున్నాడు.

"అయిదో కాలు ప్రగతికి గుర్తు. నాలుగు కాళ్ళ మీద నిలబడతాం. అయిదో కాలితో ముందుకెళ్తాం. మీలాంటి కళాకారులకి ఇది అర్థం కాకపోవడం నాకు బాధగా ఉంది" అన్నాడు.

"నాకు అర్థమైందండి" అన్నాడు శిఖామణి.

"నేను మొదటే అనుకున్నాను" అంది పికవాణి.

అందరూ రంగనాయకి వైపు చూశారు. రంగనాయకి మెల్లగా నక్క రంగులోకి తిరిగి ఊరుకుంది.

రాజుగారు పడమటి కొండల్లో పర్యటనకి వెళ్ళి ఉండగానే అడవంతా బొమ్మలు వెలిశాయి. మొదట్లో జంతువులు కాస్త నోరెళ్ళబెట్టాయి. తరవాత అలవాటు పడ్డాయి. ఆ తరవాత, ఎప్పుడూ అంతేగా అన్నాయి. "వాగు దగ్గర పోట్లాటలో ఆ అయిదో కాలితోనే రేచుకుక్కల్ని తన్నాడు, నేను కళ్ళారా చూశాను" అని ముసలి కుందేలొకటి కథలు చెప్పడం మొదలెట్టింది.

రాజుగారు కొండల నుంచి కుంటుకుంటూ, ఆకలితో తిరిగొచ్చారు. గుహ ముందు కొత్తగా చేరిన కాపలాదారు గొండయ్య ఉన్నాడు. గొండయ్య దుమ్ములగొండి. బుర్ర తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ.

"ఆగు పెద్దాయనా. ఎవరు నువ్వు?"

"ఎవరా? ఈ గుహ నాది!"

గొండయ్య గోడ మీది బొమ్మ చూశాడు. ఎదురుగా ఉన్న ముసలాయన్ని చూశాడు. వంగి కాళ్ళు లెక్కపెట్టాడు. "ఒకటి తక్కువుంది. లోపలికి పంపడం కుదరదు" అన్నాడు.

రాజుగారు గర్జించారు. కొండలు మారుమోగాయి.

"గర్జన ఎవరైనా నేర్చుకోవచ్చు. కాలు పట్రా" అన్నాడు గొండయ్య.

జంతువులు గుంపుగా చేరాయి. జంబులింగం కూడా పరుగున వచ్చాడు. "జంబులింగం, వీడికి చెప్పు నేనెవరో!" అన్నారు రాజుగారు.

జంబులింగం రాజుగారిని చూశాడు, గుంపుని చూశాడు, బొమ్మని చూశాడు. ఈయనే రాజంటే, మరి ఆ బొమ్మని ఒప్పుకున్నదెవరని అడుగుతారు. "పోలికలున్న మాట నిజమే. కానీ తొందరపడకూడదు. లోతుగా విచారించాలి" అని, విచారించడానికి తుప్పల్లోకి వెళ్ళిపోయాడు.

రాజుగారు నేరుగా స్టూడియోకి వచ్చారు. దూరం నుంచి చూడగానే పికవాణి వేరే అడవికి ఎగిరిపోయింది. శిఖామణి పొదలో దూరాడు గానీ పింఛం బయటే ఉండిపోయింది. రంగనాయకి ఒక్కతే మిగిలింది. భయంతో ఆమె ఒంటి మీద రంగులు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తాయి.

"నా బొమ్మ వేసింది నువ్వేనా?"

"పలక వేసింది ప్రభూ. పలకకి చెప్పింది నేను. నేను వేసింది వేరే ఉంది."

తొర్రలోంచి బాదం ఆకు తీసి ఆయన ముందు పెట్టింది. పంజా దెబ్బ ఎటు నుంచి పడుతుందోనని కళ్ళు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే రాజుగారు ఆకు మీదకి వంగి చూస్తున్నారు.

"చెవి బాగా వేశావు" అన్నారు. "ఆ రోజు నొప్పే తెలియలేదు. ఇప్పుడు చలికాలమొస్తే లాగేస్తుంది."

రంగనాయకికి గుండె నిండిపోయింది. ఒక్కసారిగా ధైర్యం కూడా వచ్చింది. "ప్రభూ, ఆ బొమ్మలన్నీ పీకించేసి ఇదే పెట్టిద్దాం. అప్పుడు మిమ్మల్ని అందరూ గుర్తుపడతారు."

"పిచ్చిదానా! నాలుగు కాళ్ళ దొంగ తిరుగుతున్నాడని ఇప్పటికే అడవంతా గుప్పుమంది. ఇది పెడితే ఆ దొంగ బొమ్మే అనుకుంటారు. కనబడితే కొట్టండని నువ్వే చెప్పినట్టవుతుంది."

"మరి ఏం చేద్దాం ప్రభూ?"

రాజుగారు నిట్టూర్చారు. "నాకు ఆకలేస్తోంది అమ్మాయ్. నా గుహలో నేను పడుకోవాలి. ఆ కాలు ఏదో నువ్వే చేసిపెట్టు."

రంగనాయకికి ఏడుపొచ్చింది. అంత మంచి బొమ్మ చూపించినా ఆయన అడిగింది కాలు! కానీ ఏడుస్తూనే ఆలోచించడం మొదలుపెట్టింది. ఆ కాలు ఎక్కడ పెడితే నడకకి అడ్డం రాదు? ఏ చెక్కయితే బరువుండదు? పడుకునేటప్పుడు విప్పుకోవాలంటే ముడి ఎలా వెయ్యాలి? ఎవరూ ఎప్పుడూ చెయ్యని పని. జలపాతం ముందు రాని ప్రేరణంతా అప్పుడు వరదలా వచ్చింది. వడ్రంగిపిట్ట చేత బూరుగు చెక్కతో కాలు చెక్కించింది. గిజిగాడి చేత ఎండుగడ్డితో జూలు అల్లించింది. మూడో కాలికీ నాలుగో కాలికీ మధ్య జారుముడి వేసి కట్టింది. కిందికి చూసిన కన్ను కూడా మోసపోయేలా రంగు వేసింది.

గొండయ్య వంగి లెక్కపెట్టాడు. అయిదు. నేల మీద సాగిలపడ్డాడు.

"క్షమించండి ప్రభూ. ఎవడో నాలుగు కాళ్ళవాడు తమ పేరు చెప్పుకుని వచ్చాడు. తరిమేశాను."

"మంచి పని చేశావు" అన్నారు రాజుగారు, లోపలికి వెళ్తూ.

విచారణ ముగిసిందని తెలిసి జంబులింగం తుప్పల్లోంచి బయటికి వచ్చాడు. ప్రభువు మొహం చూస్తే ఏదో అనుమానంగా ఉంది. ఎలాగైనా ప్రసన్నం చేసుకోవాలని స్టూడియోకి పరిగెత్తాడు.

"నాకూ ఓ అయిదో కాలు కావాలి. అడవిలో అందరికన్నా ముందు నాకే!"

"జారుముడి వెయ్యనా మంత్రిగారూ? విప్పుకోడానికి వీలుంటుంది."

"విప్పుకోడమా! విధేయత విప్పుకునేదా? ఊడకుండా బంకతో అతికించు."

రంగనాయకి చెప్పింది చెప్పినట్టు అతికించింది. మంత్రిగారిని చూసి జింకలు వచ్చాయి, దుప్పులు వచ్చాయి, ముసలి కుందేలు కూడా వచ్చింది. అందరికీ అయిదో కాలు కావాలి, అందరికీ బంకే కావాలి. శిఖామణి పొదలోంచి వచ్చి, ఈ ఆలోచన మొదట తనదేనని పింఛం విప్పి మరీ చెప్పుకున్నాడు. మాయపలక మీద తొండలు ఎండ కాచుకుంటున్నాయి.

ఒక ఉదయం రాజుగారు మంత్రిని షికారుకి రమ్మన్నారు. ఇద్దరూ పది కాళ్ళతో చింతోపు వైపు వెళ్ళడం రంగనాయకి కొమ్మ మీంచి చూసింది. కాస్త దూరం వెళ్ళాక రాజుగారు ఆగి, నోటితో జారుముడి లాగారు. కాలు కింద పడింది. జంబులింగం ఆ కాలి వైపు చూశాడు, రాజుగారి వైపు చూశాడు, తరవాత పరిగెత్తబోయాడు. నాలుగు కాళ్ళు పరిగెత్తాయి. అయిదోది అడ్డం పడింది.

ఆనాటి నుంచి రాజుగారికి వేట కష్టం లేకుండా పోయింది. ఆయన ఒంట్లోకి కొత్త రక్తం వచ్చింది, జూలు కూడా కొంచెం మొలిచింది. రంగనాయకిని ఆస్థాన కళాకారిణిని చేశారు. ఒకరోజు ఆమె బాదం ఆకు పట్టుకెళ్ళి, "ఇప్పుడు పెట్టిద్దామా ప్రభూ?" అని అడిగింది.

"తొందరేముందమ్మా, ఇంకా చాలామందికి కాళ్ళు అతికించాలిగా" అన్నారు రాజుగారు, పళ్ళు కుట్టుకుంటూ.

నీతి: రాజుగారిని అన్ని విధాలా అనుసరించండి, ఆయన ఆరోగ్యానికి అది చాలా మంచిది.