నూట ఎనిమిదో కవిత

లాక్‌డౌన్ మూడో వారంలో మావారు లక్ష్మీకాంత్ గారు ఇరవై ఆరు వాట్సాప్ గ్రూపుల్లో ఒకేసారి ఒక ప్రకటన విడుదల చేశారు: "మహమ్మారిపై కలంతో యుద్ధం ప్రకటిస్తున్నాను. వలస కార్మికుడి పాదాల మీద నూట ఎనిమిది కవితలు పూర్తయ్యేవరకు గడప దాటను."

అప్పటికి సూరత్‌లో ఎవరు గడప దాటినా పోలీసులు లాఠీతో పలకరిస్తున్నారు. అయినా ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే. నలభై మూడు చప్పట్ల బొమ్మలు వచ్చాయి.

మావారు ఊరి చివర హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆఫీసు ఇంటినుంచే అనేసరికి జనరల్ షిఫ్టులో కవిత్వం రాయసాగారు. హైదరాబాదులో ఒక సాహితీ సంస్థ పోటీ పెట్టింది. నిబంధన ఒక్కటే. ప్రతి కవితా లాక్‌డౌన్‌లోనే పుట్టిందని ప్రజాప్రతినిధి పేజీ పేజీకీ సంతకం చేసి ముద్ర వేయాలి. పాత సరుకు చెల్లదు. ప్రింటు తీసే షాపులు మూసి ఉన్నాయి కనుక సాఫుప్రతి రాసే భాగ్యం నాకు దక్కింది. అంట్లు తోమే భాగ్యం అంతకుముందే దక్కింది. ఆరేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తున్న కొమురవ్వను సొసైటీ వాళ్ళు లోపలికి రానివ్వడం లేదు.

ఒక పొద్దున పాలకోసం కిందికి వెళితే గేటు అవతల కొమురవ్వ నిలబడి ఉంది.

"అమ్మా, నా బిడ్డకు నెలలు నిండినయ్. జనగామల ఒక్కతే ఉన్నది, చూసేటోళ్ళు లేరు. రైలు పెడుతున్నరట. పేర్ల కాగితం మీద కార్పొరేటర్ ముద్ర ఉంటేనే ఎక్కనిస్తరట. అంబదాస్‌భాయ్ సార్‌కు దోస్తే గదా, జర చెప్పున్రి."

ఆమెతోపాటు వాళ్ళ గల్లీ వాళ్ళు, పిల్లలు కాక, ఇంకో పదిహేడు మంది. పేరు, వయసు, ఊరు, సామాను, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని పైకి వచ్చాను. మావారికి చెప్పాను.

"వాళ్ళ బాధ నాకు తెలియదా?" అన్నారాయన, కలం ఆపకుండా. "నూట మూడో బాధలో ఉన్నాను."

"మన కొమురవ్వండీ..."

"పేర్లు చెప్పకు. పేర్లు వస్తే విశ్వజనీనత పోతుంది." మళ్ళీ తనే అన్నారు: "అయినా అందరూ రైలెక్కేస్తే నా పాదాల గతేమిటి? పుస్తకమంతా నడకే!"

రెండు రోజులకు మా కార్పొరేటర్ అంబదాస్‌భాయ్ గారు మాస్కు గడ్డానికి పెట్టుకుని సంతకాలకు స్వయంగా వేంచేశారు. తెలుగువారే. సూరత్‌లో పుట్టి గుజరాతీ మీడియంలో చదివారు. తెలుగు మాట్లాడతారు, తెలుగులో ఉపన్యసిస్తారు, చదవరు. టీ ఇస్తూ రైలు సంగతి అడిగాను.

"భాభీ, అదొక్కటి అడగకున్రి. ఆ లిస్టు మీద సంతకం పెడితే మా వార్డుల జనం పరేషాన్‌ల ఉన్నరని రికార్డయితది. మా వార్డుల అందరు ఖుష్."

"ఈ కవితల్లో ఉన్నదీ బాధే కదండీ?"

"అండ్ల ఉంటే ఫికర్ లేదు. అది సాహిత్యం."

ఆ మాటలోని లోతు నాకు వెంటనే తెలిసింది. లోపలికి వెళ్ళి కవితల కట్ట సర్దుకొచ్చాను.

"నూట ఏడు దగ్గర ఆగినట్టు గుర్తు," అన్నారు మావారు.

"లెక్కపెట్టుకోండి."

లెక్కపెట్టారు. నూట ఎనిమిది. "చూశారా అంబదాస్‌భాయ్! ఎప్పుడు రాశానో నాకే తెలియదు. ఆవేశమంటే ఇదీ."

అంబదాస్‌భాయ్ చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ముద్రలు వేయసాగారు. యాభై దాటాక చెయ్యి దానంతటదే నడిచింది. ఒక్కచోట ఆగారు.

"ఈడ లైన్లు గింత పొట్టిగున్నయేంది?"

"ఆధునికం," అన్నాను.

"అచ్ఛా," అని ముద్ర వేశారు.

ఆ పేజీని ఫోటో తీసి, గుజరాతీ నకలు జతచేసి కలెక్టరాఫీసుకు పంపాను. అక్కడ తెలుగు చదివేవాళ్ళు లేరు, ముద్ర చదివేవాళ్ళున్నారు. నాలుగో రోజు పద్దెనిమిది మందీ రైలెక్కారు. తమ వార్డు విడిచి ఒక్కరూ వెళ్ళలేదని అంబదాస్‌భాయ్ ఆ సాయంత్రమే ప్రకటన ఇచ్చారు. నూట ఎనిమిది లెక్క తప్పకూడదు కనుక ఆ పేజీని కట్టలోంచి నేను తీయలేదు. కట్ట మొత్తం స్కానై హైదరాబాదు వెళ్ళింది.

నెలాఖరున జూమ్‌లో ఫలితాల సభ. న్యాయనిర్ణేత స్వరాజ్యం గారు గొంతు సవరించుకున్నారు. "మొదటి నూట ఏడు కవితల గురించి నేను మాట్లాడను. చివరిది చదువుతాను."

"కొమురవ్వ, యాభై రెండు, జనగామ, ఒక సంచి.
రవీంద్ర, ముప్ఫై, సిరిసిల్ల, ఇద్దరు పిల్లలు, కుక్కరు.
భాగ్యలక్ష్మి, పంతొమ్మిది, సిరిసిల్ల, సామాను లేదు..."

పద్దెనిమిది పేర్లూ చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒక్క ఉపమానం లేదు. ప్రథమ బహుమతి."

మావారు మూడు సెకన్లు కదల్లేదు. నెట్ పోయిందనుకున్నారంతా. తర్వాత చేతులు జోడించారు.

"ఏకబిగిన వచ్చిందండీ."

"కింద ముద్ర నాదే! కనవడుతున్నదా?" అన్నారు అంబదాస్‌భాయ్ పక్క గడిలోంచి.

"ఇంతకీ లక్ష్మీకాంత్ గారూ, ఈ కొమురవ్వ ఎవరు?" అనడిగారు స్వరాజ్యం గారు.

మావారు నావైపు చూశారు. చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"కొమురవ్వ మనిషి కాదు మేడమ్. ప్రతీక."

తెర నిండా చప్పట్ల బొమ్మలు ఎగురుతుండగా నా ఫోన్ మోగింది. వంటింట్లోకి వెళ్ళి ఎత్తాను. జనగామ నుంచి.

ప్రతీకకు మనవరాలు పుట్టింది. మూడు కిలోలట.