పాప వెనక బస్సు

ఆ రోజు పొద్దుటి కోసం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదేళ్ళ ఉడత ఎనిమిదీ పదికి ఇంట్లోంచి బయల్దేరాలి, పెద్దరోడ్డు పక్కన కాలిబాట మీద పన్నెండు నిమిషాలు నడవాలి, బడి ఎదురుగా జీబ్రా చారల దగ్గర రోడ్డు దాటాలి, ఎనిమిదిన్నర గంట కొట్టేలోగా గేటు లోపల ఉండాలి. ఒక్కతే. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. ఈ మాత్రం దానికి వాళ్ళ నాన్నకి మూడు రోజులుగా తిండి సహించడం లేదు.

ఉడత అన్నది ముద్దుపేరు. ఒకచోట కాలు నిలవదు కాబట్టి అలా స్థిరపడింది. నాన్న సిటీ బస్సు డ్రైవరు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు గాని, అన్నేళ్ళూ రోడ్డు మీద జనం చేసే పనులు అద్దంలో చూసి చూసి, లోకం మీద నమ్మకం మాత్రం పూర్తిగా పోగొట్టుకున్నాడు. అమ్మ పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. నొప్పి లేదని బుకాయించే వాళ్ళ నోళ్ళు రోజూ తెరిపించే మనిషి. ఒప్పందం ఆవిడే కుదిర్చింది. ఉడత ఒక్కతే వేళకు చేరితే ఇక రోజూ ఒక్కతే వెళ్తుంది. ఆలస్యమైనా, పెద్దవాళ్ళెవరైనా చెయ్యి పట్టుకుని దాటించినా, ఈ ఏడాదంతా మళ్ళీ ఎవరో ఒకరి వేలు పట్టుకునే వెళ్ళాలి.

ఉడత తన వైపు నుంచి ఒక్క షరతు పెట్టింది. "నా వెనకాల నడవనని మాటివ్వు నాన్నా" అంది. ఇచ్చాడు. ఇచ్చి, ఆ సాయంత్రమే డిపోలో ఎవరినో బతిమాలి, బడి మీదుగా పోయే రూటుకి డ్యూటీ మార్పించుకున్నాడు. నడవనన్నాను గాని నడపనన్లేదు కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. మనసు కాసేపు గొణిగి ఊరుకుంది.

ఎనిమిదీ పన్నెండుకి, నలభై మంది ప్రయాణికులతో బస్సు వాళ్ళ వీధి మలుపు దాటేసరికి, ముందు కాలిబాట మీద ఉడత ఆకుపచ్చ సంచి ఊగుతూ కనిపించింది. డ్రైవరు కాలు యాక్సిలరేటర్ మీంచి దానంతటదే లేచిపోయింది. బస్సు నత్తనడకకి దిగింది. పక్కనుంచి ఓ ముసలాయన చేతికర్ర ఊపుకుంటూ బస్సుని దాటేసి వెళ్ళిపోయాడు. లోపల సణుగుడు మొదలైంది. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న గుమస్తా ఒకాయన, ఇలా అయితే నేను ఆఫీసుకి పింఛను తీసుకునే రోజుకే చేరతానని పెద్దగా అన్నాడు.

కండక్టరు ఆరేళ్ళుగా ఆ డ్రైవరుతో పనిచేస్తున్న ఆవిడ. ముందుకొచ్చి, బండికేమైనా అయిందా అన్నా అని అడిగింది. డ్రైవరు గడ్డంతో కాలిబాట వైపు చూపించాడు. ఆవిడ ఆకుపచ్చ సంచిని చూసింది, సంగతి గ్రహించింది, వెనక్కి తిరిగింది. టిక్కెట్లు తప్ప మరేదీ తన దగ్గర ఉంచుకోలేని మనిషి ఆవిడ. నిమిషంలో కబురు చివరి సీటుదాకా పాకింది.

అక్కడితో సణుగుడు ఆగింది. ఆగకపోయినా బాగుండేది. నలభై మందీ ఎడమవైపు కిటికీలకు చేరారు, బస్సు ఓ పక్కకి ఒరిగింది. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన పాప నడక గురించి అందరికీ వివరించడం మొదలుపెట్టాడు. గోధుమరంగు చొక్కా మనిషి ఒకడు ఉడతని ఆపి ఏదో అడిగినప్పుడు బస్సంతా ఊపిరి బిగబట్టింది. ఉడత చెయ్యి చాపి ఏదో సందు చూపించింది, అతను తలూపి ఆ సందులోకి వెళ్ళిపోయాడు. దారి అడిగాడంతే. అయినా వాడి ముఖం తనకి నచ్చలేదని గుమస్తా తేల్చేశాడు. ఆఫీసు మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. ఒక్కడి భయం మోయడానికే కష్టంగా ఉన్న డ్రైవరు మీద ఇప్పుడు నలభై మంది భయం వచ్చి పడింది.

ఎనిమిదీ ఇరవైకి కంట్రోల్ రూమ్ నుంచి ఫోను. బస్సు ఇంత మెల్లగా ఎందుకు పోతోందని అడిగారు. పద్దెనిమిదేళ్ళలో ఒక్క అబద్ధమైనా చెప్పని మనిషికి ఆ క్షణంలో మంచి అబద్ధం తట్టలేదు. బ్రేకులు సరిగ్గా పట్టడం లేదన్నాడు. అవతలి వాళ్ళు హడలిపోయి, ఉన్నచోటే ఆపెయ్యమని, మెకానిక్‌ని పంపుతున్నామని, అతను వచ్చి చూసేదాకా చక్రం కదలకూడదని ఆజ్ఞ వేశారు. డ్రైవరుకి ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా బడి దగ్గరే, జీబ్రా చారలకు ముప్ఫై అడుగుల ఇవతల, అధికారికంగా ఆగిపోయాడు. ఇక పాప దాటడం కళ్ళారా చూడవచ్చు.

కానీ కాలిబాట పక్కన, బస్సుకి కాస్త ముందుగా, సామాన్ల లారీ ఒకటి నిలిపి ఉంది. ఉడత దాని వెనక్కి వెళ్ళింది. అవతలి వైపు నుంచి బయటికి రాలేదు.

పది లెక్కపెట్టాడు. ఇరవై లెక్కపెట్టాడు. డ్రిల్లు మాస్టారి వివరణ ఆగిపోయింది. జనం ఉన్న బండిని వదిలి దిగకూడదన్నది నిబంధన. ఆ నిబంధన లేకపోయినా దిగగలిగే శక్తి అప్పుడు అతనిలో లేదు. "చూసిరా చెల్లెమ్మా" అన్నాడు. కండక్టరు అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆవిడ తిరిగి రావడానికి ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషంలో అతను అనుకోకూడనివన్నీ అనుకున్నాడు.

"చారల దగ్గరే నిలబడి ఉందన్నా. లారీ అడ్డు, అందుకే మనకి కనిపించడం లేదు."

"మరి దాటదేం?"

"చెయ్యి పట్టుకోబోయాను. వద్దండీ, ఒక్కదాన్నే దాటాలి అంది. ఆగి ఉన్న బస్సు పక్కనుంచి దాటితే, దాని చాటునుంచి వచ్చే బండ్లు కనిపించవట. బస్సు వెళ్ళిపోయాకే దాటాలట. వాళ్ళ నాన్న చెప్పాడట."

డ్రైవరు అద్దంలోకి చూశాడు. వెనక బండ్లు బారులు తీరి ఉన్నాయి. వాటిలో స్కూటర్లు, ఆటోలు సహనం నశించి ఒకదాని తర్వాత ఒకటి బస్సు కుడిపక్కనుంచి దూసుకొచ్చి, జీబ్రా చారల మీదుగా వెళ్ళిపోతున్నాయి. అతను ఇన్నాళ్ళూ ఊహించుకుని వణికిన ప్రమాదం కళ్ళ ముందుంది. తెచ్చిపెట్టింది తనే. ఆ రోడ్డు మీద తన కూతురికి ముప్పు ఏదైనా ఉందంటే అది ఈ బస్సే. ఎనిమిదీ ఇరవై ఆరు. మెకానిక్ రావడానికి ఇంకో పావుగంట. గేటు మూయడానికి నాలుగు నిమిషాలు.

గుమస్తా తను దిగి పాపని దాటిస్తానన్నాడు. ఒక్కదాన్నే దాటాలని పాపే అంది కదా అని నలుగురు అతన్ని కూర్చోబెట్టారు. డ్రైవరు ఫోను తీశాడు. బస్సంతా వింటోంది.

"సార్, బ్రేకులు బాగానే ఉన్నాయి. అబద్ధం చెప్పాను. మా పాప మొదటిసారి ఒక్కతే బడికి వెళ్తోంది, వెనకాలే వస్తున్నాను."

అవతలాయన పాప సంగతే అడిగాడు.

"ఇప్పుడెక్కడుంది?"

"నేను వెళ్ళిపోతే దాటుదామని చూస్తోంది సార్."

"అయితే వెళ్ళిపో మరి."

వెళ్ళాడు. లారీ పక్కనుంచి, జీబ్రా చారల మీదుగా, ఆకుపచ్చ సంచికి నాలుగడుగుల దూరంనుంచి, పక్కకి చూడకుండా బండి నడిపాడు. అద్దంలోకి కూడా చూడలేదు. చూస్తే కాలు బ్రేకు మీదికి పోతుందని తెలుసు. అంత బరువైన బస్సు అతను ఎన్నడూ నడపలేదు. నలభై మందీ వెనక అద్దానికి అతుక్కుపోయారు. బడి గంట మోగడం మొదలైంది.

"కుడివైపు చూసింది" అన్నాడు డ్రిల్లు మాస్టారు. "ఎడమవైపు చూసింది. మళ్ళీ కుడివైపు." తర్వాత ఆయన డ్రైవరు వైపు తిరిగాడు. "లోపలికి వెళ్ళిపోయింది బాబూ." డ్రైవరు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, ఎన్నో ఏళ్ళ తర్వాత అనవసరంగా ఒకసారి హారన్ కొట్టాడు.

మధ్యాహ్నం డిపోలో మేనేజరు బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి కంట్రోల్ రూమ్‌ది. రెండోది బడి నుంచి వచ్చిన ఫిర్యాదు: ఫలానా నంబరు బస్సు ఆరు నిమిషాలు దారికి అడ్డంగా నిలబడి, ఒక విద్యార్థినిని రోడ్డు దాటనివ్వలేదు. నంబరు పొల్లుపోకుండా రాసి ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఉడత గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటోంది. అమ్మ తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ ముఖం చూస్తే అంతా తెలిసినట్టే ఉంది.

"నంబరు నువ్వే ఇచ్చావా?" అని మెల్లగా అడిగాడు.

"టీచర్ అడిగింది, ఇచ్చాను. డ్రైవరెవరో తెలుసా అని కూడా అడిగింది."

"ఏం చెప్పావు?"

"తెలుసు, మంచివాడేనండీ, కాస్త భయస్థుడు అని చెప్పాను." ఉడత బూటు కింద పెట్టింది. "మాటిచ్చావు కదా నాన్నా."

నడపడం గురించి దాచుకున్న వాదన నోటిదాకా వచ్చి అక్కడే చచ్చిపోయింది. కూతురి పక్కన కూర్చుని, తప్పయిపోయిందన్నాడు. ఉడత రెండో బూటు అతని చేతికిచ్చి తుడవమంది.

మర్నాడు ఎనిమిదీ పదికి ఉడత సంచి తగిలించుకుని చకచకా వెళ్ళిపోయింది. డిపోలో నాన్న బస్సెక్కేసరికి, నెల రోజులపాటు కనిపెట్టుకుని ఉండమని పైవాళ్ళు పంపిన ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని ఉన్నాడు. ఒంటరిగా బయటికి పంపడానికి పనికిరాడని ఆ ఇంట్లో రాతపూర్వకంగా తేలింది నాన్న ఒక్కడి విషయంలోనే.