తెర మీద ఐదో చుక్క

ఉదయం పదిన్నరకు మంత్రి గారు వేదిక మీద కూర్చుని, ఎదురుగా ఉన్న పొలంలో మందుపాతర ఒక్కటీ లేదని ప్రకటించారు. రాడార్ బండి అప్పటికింకా పొలంలో దిగలేదు.

రిమోట్‌తో బండి నడిపే ఆపరేటర్‌కు ఆ పొలం పరాయిది కాదు, మేనత్తది. యుద్ధం ముగిసినా కంచె తీయలేదు. ఇవాళ తీస్తారని అత్త రేపటికి ట్రాక్టర్ మాట్లాడుకుంది.

రాడార్ తరంగాలు నేలలో దేనికైనా తగిలి వెనక్కొస్తే తెర మీద చుక్క పడుతుంది. ప్రదర్శన కోసం శాఖ వారు నాలుగు ఉత్తుత్తి డబ్బాలు పాతారు. లోపలికి వెళ్లడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో, కంచె బయట నిలబడి చెయ్యి అందినంత మేర పాతారు.

బండి దిగింది. తెర మీద ఐదు చుక్కలు పడ్డాయి.

"ఐదోదేంటి?" అన్నారు శాఖ డైరెక్టర్ గారు.

"మనం పాతింది కాదండి."

"మన రికార్డులో లేనిది నేలలో ఎలా ఉంటుందయ్యా? సెన్సిటివిటీ తగ్గించు."

తగ్గించాడు. రెండు మిగిలాయి.

"పొలం శుభ్రమని నేను చెప్పాక ఆ రెండు మాత్రం దేనికి?" అన్నారు మంత్రి గారు.

ఇంకా తగ్గించాడు. తెర ఖాళీ అయింది. చప్పట్లు మోగాయి. ఎండకు వేడెక్కకుండా బండిని వేదిక కిందకు తోలాడు.

అత్త దగ్గరికొచ్చింది. "ఒరేయ్, ట్రాక్టర్ దించమంటావా?"

అతను రిమోట్ మీది దుమ్ము తుడవసాగాడు.

"నోట్లో బెల్లమ్ముక్క ఉందా? సరే, ముందు నువ్వు నడువు. నీ అడుగులో అడుగేసుకుంటూ నేనొస్తా."

"భేష్! నడవవయ్యా, ఫొటో బాగుంటుంది," అన్నారు మంత్రి గారు.

ఆపరేటర్ సెన్సిటివిటీని చివరికంటా పెంచాడు. చుక్క పడింది. పొలంలో కాదు. మంత్రి గారి కుర్చీకి సరిగ్గా కింద.

"అది మీరు పాతిందేగా?" అని మంత్రి గారు డైరెక్టర్ గారిని అడిగారు.

"కాదండి."

రికార్డు చూసొస్తానని డైరెక్టర్ గారు వేదిక దిగారు. జీపెక్కారు.

"నాయనా," అన్నారు మంత్రి గారు కాళ్లు కదపకుండా, "తగ్గించెయ్."

తగ్గించాడు.

"పోయిందా?"

"పోయిందండి."

"అయితే దిగొచ్చా?"

ఆపరేటర్ అత్త వైపు చూశాడు.

"శుభ్రంగా దిగండి బాబూ," అంది అత్త, అతని చెయ్యి పట్టుకుని రోడ్డు మీదకు లాక్కెళుతూ. "మీ వెనకాలే మేమొస్తాం."

పొలమూ పరిసరాలూ పూర్తిగా సురక్షితమని సాయంత్రం ప్రభుత్వం ప్రకటన విడుదల చేసింది. ప్రకటన వెలువడే సమయానికి మంత్రి గారు కుర్చీలోనే ఉన్నారు.