వాడుకలో లేని శబ్దం

కంప్యూటర్ కొనడానికి డబ్బు చాలని విద్యార్థులు మిగతా ధరకు బదులు తమ ఇంట్లోని శబ్దాలను అప్పగించే పద్ధతి ఆ జిల్లాలో పదకొండేళ్లుగా అమల్లో ఉంది. అప్పగించిన శబ్దం ఆ రోజు సాయంత్రం ఐదు గంటల నుంచి ఆ ఇంట్లో వినిపించదు. వస్తువు మాత్రం ఇంట్లోనే ఉంటుంది, ఎప్పటిలాగే పనిచేస్తుంది. కుళాయి కారుతుంది, తలుపు పడుతుంది, చప్పుడు ఉండదు. దీనివల్ల ఇళ్లలో ప్రశాంతత పెరిగిందని ఒక సర్వేలో తేలింది కూడా.

హారిక వాళ్ల వీధిలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఇచ్చినవాళ్లే. ఎదురింటి ఇంజనీరింగ్ అబ్బాయి కాలింగ్ బెల్ ఇచ్చేశాడు. వాళ్లింటికి వచ్చిన చుట్టాలు గుమ్మం ముందు కాసేపు నిలబడి, మర్యాదగా వెనక్కి పోతారు. పక్కింటి పిల్ల కుక్కర్ విజిల్ ఇచ్చింది. వాళ్లింట్లో పప్పు మాడని రోజు లేదు, ఇప్పుడు మాడకపోతేనే రుచి లేదంటున్నారు. మూల మీది ఇంట్లో అయితే మొగుడూ పెళ్లాల కొట్లాటనే ఇచ్చేశారు. చేతులు ఊపుకుంటూ తిట్టుకుంటారు గానీ ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆ కాపురం ఇంత సాఫీగా ఎన్నడూ లేదని వీధిలో అందరూ ఒప్పుకుంటారు.

హారికది సాంచాల ఊరు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. వాళ్ల నాన్న అంబదాస్ ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు నడుపుతాడు. సేటు నూలు పంపిస్తాడు, అంబదాస్ గుడ్డ నేసి పంపిస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. తల్లి సుగుణ ముందు గదిలో కూర్చుని బీడీలు చుడుతుంది. హారిక జిల్లా కేంద్రంలోని కాలేజీలో మ్యూజిక్ ప్రొడక్షన్ చదువుతోంది. పాటకు దరువు కట్టడం, గొంతులూ వాయిద్యాలూ విడివిడిగా రికార్డు చేసి కలపడం, వెరసి కంప్యూటర్ మీద పాటను తయారుచేసే చదువు. ఆ కోర్సుకు కాలేజీలో పన్నెండు కంప్యూటర్లున్నాయి. వాటిలో ఐదు పనిచేస్తాయి, ఒక్కదాంట్లో శబ్దం వస్తుంది.

ఒకరోజు క్లాసులో సార్ రాలేదని హారిక స్టీలు టిఫిన్ మూత మీద వేళ్లతో దరువు వేస్తూ కూర్చుంది. ఐదు దెబ్బలు, ఒక ఖాళీ, మళ్లీ రెండు. చిన్నప్పటి నుంచీ ఆమె వేళ్లకు అలవాటైన దరువే అది. ఎక్కడ నేర్చుకుందో ఆమెకు తెలియదు, తన బుర్రలోంచే పుట్టిందనుకునేది. ఆలస్యంగా వచ్చిన సార్ గుమ్మంలోనే ఆగి, ఫోన్ తీసి రికార్డు చేసుకుని, చివర్లో "భలే!" అన్నాడు. ఈ దరువు మీద నాలుగు నిమిషాల పాట కట్టి నెలాఖరులోగా ఇస్తే, హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో పని నేర్చుకునే చోటు ఇప్పిస్తానన్నాడు. కాలేజీ మొత్తానికి ఆ చోటు ఒక్కటే. హారికకు ఆ రోజు అన్నం సయించలేదు. అంత సంతోషం ఎప్పుడూ పడి ఉండలేదు ఆ పిల్ల.

ఆ ఒక్క కంప్యూటర్ ముందు వంతు రావాలంటే నెలాఖరు దాటిపోతుంది. సొంతంగా ఒకటి కొనాల్సిందే. ఏది కొనాలో తెలుసుకోవడానికి ఆమె ఫోన్‌లో నలభై వీడియోలు చూసింది. వీడియోల్లో పెద్దమనుషులందరూ ముందు మీ అవసరమేంటో తెలుసుకోండి అన్నారు. ఆ తర్వాత అందరూ అన్నిటికన్నా ఖరీదైనదాన్నే చూపించారు. హారిక నోటుబుక్కులో రాసుకున్నది మాత్రం చాలా చిన్న జాబితా. ర్యామ్ ఎక్కువ ఉండాలి, లేకపోతే పది ట్రాకులు కలపగానే పాట మొరాయిస్తుంది. ప్రాసెసర్ గట్టిది కావాలి. లోపలి ఫ్యాన్ గోల చెయ్యకూడదు, చేస్తే ఆ గోల పాటలోకి ఎక్కుతుంది. తెర ఎంత పెద్దదైనా పాటకు ఒరిగేదేమీ లేదు.

దుకాణంలో ఫణీందర్ అనే సేల్స్‌మన్ ఆమెకు మూడు చూపించాడు. మొదటిది ఏదో ఆఫీసులో వాడి వదిలేసినది. ఉన్న డబ్బుకు తోడు ఒక చిన్న శబ్దం చాలు, గడియారం టిక్కుటిక్కు అయినా సరే. కానీ ఎనిమిది ట్రాకులకే ఆయాసపడుతుంది. రెండోది మధ్యరకం, మూడు మామూలు శబ్దాలు కావాలి, కానీ దాని ఫ్యాన్ వేసవిలో విమానంలా మోగుతుందని అతనే ఒప్పుకున్నాడు. మూడోది నల్లగా, చల్లగా, నోరెత్తకుండా కూర్చుని ఉంది. వంద ట్రాకులు పెట్టినా ఉలకదు. దానికి ఒక పెద్ద శబ్దం, రోజుకు పన్నెండు గంటలకు తక్కువ కాకుండా వచ్చేది ఇవ్వాలి.

"మాకంత పెద్ద చప్పుడు యాడున్నదన్నా?" అంది హారిక.

"వాడుకలో లేని శబ్దమైతే లెక్క డబుల్ కడ్తరమ్మా. ఇంట్ల ఎవ్వరికీ ఇనవడనిది. మీ బాపునడుగు, పాత ఇండ్లల్ల గసొంటియి మస్తుంటయి" అన్నాడు ఫణీందర్, దరఖాస్తు ఫారం చేతిలో పెడుతూ.

ఆ నిబంధన వెనక దయ ఉంది. జనానికి పనికొచ్చే శబ్దాలు తీసుకుని వాళ్లను ఇబ్బంది పెట్టకూడదని, ఎవరూ వినని శబ్దాలకే ఎక్కువ విలువ కట్టాలని పైవాళ్లు నిర్ణయించారు. విచారణకు ధ్వని గుమాస్తా వస్తాడు. హారిక ఇంటికి వచ్చినాయన పేరు యాదగిరి. వేరే జిల్లా నుంచి ఈ మధ్యే బదిలీ అయి వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని, గొంతు చించుకుని అడిగాడు.

"ఇంట్ల ఎవ్వరికీ ఇనవడని చప్పుడు ఏమన్న ఉన్నదా?"

"మాకేం ఇనవడది సారూ!" అని అంబదాస్ అంతకన్నా గట్టిగా అరిచాడు. "మా ఇల్లు నిమ్మలంగుంటది!"

"మరి గిదేంది?"

"ఏది?"

"గిదే! ఎనుక రేకులు ఊగుతున్నయి గదా!"

అంబదాస్ చెవి ఒగ్గి విన్నాడు. సుగుణ బీడీ ఆకు పట్టుకుని విన్నది. హారికా విన్నది. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లకేమీ వినపడలేదు. అబద్ధం ఆడలేదు పాపం. సాంచాల చప్పుడులో పుట్టి, సాంచాల చప్పుడులో నిద్రపోయేవాళ్లకు అది గాలి లాంటిది. ఆ ఊళ్లో ఎవరిని అడిగినా అదే మాట చెప్పేవాళ్లు.

నిబంధన ప్రకారం యాదగిరి షెడ్డులోకి వెళ్లి ఒక్క నిమిషం మెయిన్ ఆఫ్ చేశాడు. ముగ్గురూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. "కరెంటు వొయినట్టున్నది" అని సుగుణ విసనకర్ర కోసం చూసింది. గుమాస్తా తిరిగి వచ్చి రిజిస్టరులో రాసుకున్నాడు. శబ్దం, సాంచాలు నాలుగు. వినియోగం, లేదు. ఆగినప్పుడు మాత్రమే తెలియును.

"ఆగితే తెలుస్తున్నది గదా సారూ, మరి ఇనవడతలేదని ఎట్ల రాస్తరు?" అని అడిగింది సుగుణ.

యాదగిరి మంచివాడు. ఆ మాట రాయడానికి గడి ఉందేమోనని ఫారం ముందూ వెనకా తిప్పి చూశాడు. లేదు. అంబదాస్ సంతకం పెట్టాడు, కింద సాక్షిగా హారిక పెట్టింది. "చప్పుడే గద బిడ్డ, సాంచలైతే కొంటవోతలేరు" అని నవ్వాడు తండ్రి.

ఐదు గంటలైంది. సాంచాలు నడుస్తూనే ఉన్నాయి, షెడ్డు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. మొదట వాళ్లకు తెలిసిందల్లా తాము ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నామని. పెళ్లయిన ఇరవై మూడేళ్లకు అంబదాస్ సుగుణతో మామూలు గొంతుతో మాట్లాడాడు. ఆమె సిగ్గుపడింది. ఇంతకంటే మంచి బేరం ఉంటుందా అనుకున్నారు అందరూ.

కంప్యూటర్ వచ్చింది. చెప్పినట్టే ఉంది, మీట నొక్కిన ఎనిమిది సెకన్లలో తెర వెలిగింది. హారిక మైకు పెట్టుకుని, టిఫిన్ మూత ముందుకు లాక్కుని వేళ్లు వేసింది. ఒక దెబ్బ పడింది. రెండోది ఎక్కడ పడాలో వేళ్లకు తెలియలేదు. మళ్లీ వేసింది. మళ్లీ అంతే. కూర్చుని వేసింది, నిలబడి వేసింది, కళ్లు మూసుకుని వేసింది. పుట్టినప్పటి నుంచీ ఉన్న దరువు చేతుల్లోంచి జారిపోయింది. సార్‌కు ఫోన్ చేసి పాత రికార్డింగ్ పంపమంది. అందులో నలభై సెకన్ల నిశ్శబ్దం, చివర్లో "భలే!" అన్న సార్ గొంతు మాత్రమే ఉన్నాయి. ఫారం వెనక వైపు చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉండనే ఉంది. శబ్దంతో పాటు, దాని నుంచి పుట్టినవన్నీ.

అప్పుడు అర్థమైంది హారికకు, ఆ దరువు ఎవరిదో. మూత పట్టుకుని ఏడ్చింది.

అంబదాస్‌కు మూడో రోజు తెలిసింది. గుడ్డ మడత పెడుతుంటే జానెడు పొడవున పోగులు తేలి ఉన్నాయి. దారం తెగినా సాంచ నేస్తూ పోయింది, ఆయనకు తెలియలేదు. ఇరవై ఆరేళ్లలో ఆయన సాంచాల వైపు చూసి పనిచేసింది తక్కువ. వీపు అటు పెట్టి నూలు కండెలు చుట్టుకుంటూ ఉంటాడు. రెండో సాంచలో పోగు తెగితే చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది. ఆ చెయ్యిని పంపించేది చెవి అని ఇప్పుడు తెలిసింది. వినపడదని సంతకం పెట్టిన చెవే. ఇక నాలుగు సాంచాల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. జ్వరం చూసినట్టు ఒక్కోదాని మీద చెయ్యి పెట్టి చూసేవాడు. ఒకదాని దగ్గర ఉంటే ఇంకోదాంట్లో తెగేది. సేటు రెండు తానులు వెనక్కి పంపాడు. ఇంకోసారి ఇట్లాగే వస్తే నూలు వేరేవాళ్లకు ఇస్తానని కబురు చేశాడు.

తండ్రీ కూతుళ్లు కంప్యూటర్‌ను పెట్టెలో సర్దుకుని ఆఫీసుకు వెళ్లారు. యాదగిరి కుర్చీలు వేయించి, నీళ్లు ఇచ్చి, నిబంధన చదివి వినిపించాడు. శబ్దం వాపసు కావాలంటే, దాన్ని రోజూ విన్నట్టు ఇంటిపెద్ద, ఒక సాక్షి రాసి ఇవ్వాలి.

"రాసిస్తం సారూ" అన్నాడు అంబదాస్.

"ఎట్ల రాస్తవే? ఇనలేదని నువ్వే సంతకం పెడితివి, సాక్షి నీ బిడ్డనే. రెండిట్ల ఒకటి అబద్ధమైతది. అబద్ధం రాసిచ్చినోళ్లకు పథకం వర్తించది" అన్నాడు యాదగిరి బాధగా. అతని బాధ నిజమైనదే.

పెట్టె మళ్లీ ఇంటికి వచ్చింది. నెలాఖరుకు ఇంకా ఆరు రోజులున్నాయి. ఉన్న కంప్యూటర్‌ను ఊరికే పెట్టడమెందుకని హారిక, దాంతో పాటు ఉచితంగా వచ్చిన శబ్దాల భాండాగారం తెరిచింది. పాటలు కట్టేవాళ్ల కోసం వేలకొద్దీ శబ్దాలు వరుసగా ఉన్నాయి. అందులో కాలింగ్ బెల్ ఉంది, కుక్కర్ విజిల్ ఉంది. "గ్రామీణ లయలు" అన్న చోట కొత్తగా చేరిన ఒకదాన్ని నొక్కింది. హెడ్‌ఫోన్లలో సాంచాలు నడిచాయి. ఐదు దెబ్బలు, ఒక ఖాళీ, మళ్లీ రెండు. ఆ ఖాళీలో, దూరంగా, ఒక దగ్గు. బాపు దగ్గు. ఎనిమిది సెకన్ల ముక్క అది, అయిపోగానే మళ్లీ మొదలవుతుంది.

స్పీకర్‌లో పెడితే ఆ ఇంట్లో వినిపించదు, చెవుల్లో పెట్టుకుంటే నిబంధన అడ్డు రాదు. హారిక నాలుగు రోజుల్లో పాట పూర్తి చేసింది. కంప్యూటర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. సార్ విని, మట్టి వాసన వస్తోందన్నాడు, ఆ దగ్గు పెట్టడం గొప్ప ఆలోచన అన్నాడు. స్టూడియోలో చోటు ఆమెకే వచ్చింది. దుకాణం నుంచి అభిప్రాయ పత్రం వస్తే, కంప్యూటర్ ఎలా పనిచేస్తోంది అన్నచోట "చాలా బాగుంది" అని గుర్తు పెట్టింది. అందులో అబద్ధమేమీ లేదు.

పాట పంపిన రోజే ఆ ముక్కను ఫోన్‌లో వేసి, హెడ్‌ఫోన్లు తండ్రి చెవులకు పెట్టింది. అంబదాస్ కళ్లు చెమ్మగిల్లాయి. తర్వాత ఎప్పటిలా వీపు సాంచాలకు పెట్టి కండెల దగ్గర కూర్చున్నాడు. వారం రోజులుగా చుట్టూ తిరిగి తిరిగి వాచిన కాళ్లు చాపుకున్నాడు. ఆ రోజు నుంచి హెడ్‌ఫోన్లు తియ్యలేదు.

హైదరాబాద్ బస్సు నాలుగింటికి. బ్యాగు సర్దుకుని, వెళ్లొస్తానని చెప్పడానికి హారిక షెడ్డులోకి వచ్చింది. నాలుగు సాంచాలూ చప్పుడు లేకుండా ఊగుతున్నాయి. అంబదాస్ మొహం తేటగా ఉంది. ఆమెను చూసి ఒక చెవి మీది నుంచి హెడ్‌ఫోన్ పక్కకు జరిపాడు.

"ఒక్క పోగన్న తెగుతలేదు బిడ్డా. ఇరవై ఆరేండ్లల్ల ఇంత మంచిగ ఎన్నడు నడ్వలే" అన్నాడు. "నడుమ ఎవలో దగ్గుతున్నడు, పాపం. దవాఖానకు వోతే మంచిగుండు."

ఆయన వెనక మూడో సాంచలో పోగులు తెగి వేలాడుతున్నాయి. అరచెయ్యంత మేర గుడ్డ జల్లెడలా అయింది. హారిక నోరు తెరిచింది.

"ఏమన్న అన్నవా?" అన్నాడు ఆయన.

"ఏం లేదు బాపూ."

ఆయన హెడ్‌ఫోన్ సర్దుకుని కండె వైపు తిరిగాడు. హారిక బ్యాగు కింద పెట్టి, మూడో సాంచ ఆపి, తెగిన పోగుల్ని ఒక్కొక్కటిగా ముడి వేసింది. తిరిగి చూసేసరికి ఒకటో సాంచలో తెగింది. అది ముడి వేసేసరికి నాలుగోది. కండెల దగ్గర తండ్రి తల ఐదుసార్లు ఊగి, ఒకసారి ఆగి, మళ్లీ రెండుసార్లు ఊగుతోంది. బయట బస్సు హారన్ వినిపించింది. అది వాళ్లు ఇవ్వని శబ్దం.

"ఏమాయెనే, ఎట్ల నడుస్తున్నయి సాంచలు?" అని ముందు గదిలోంచి తల్లి అడిగింది.

"మంచిగనే నడుస్తున్నయమ్మా" అని, హారిక బ్యాగు భుజాన వేసుకుంది.