పేరు రాయని చీటీ

ఆదివారం ఉదయానికి హెలెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారకముందే లేచి కాలువ గట్టు మీద అరగంట నడవాలి, రెండు ఇడ్లీలు తినాలి, చర్చిలో ఆరాధనకు వెళ్లి అందరిలా నవ్వాలి. వీటిలో నవ్వడమే కష్టం.

ముందురోజు పట్నంలో బెంజ్ సర్కిల్ దగ్గర డాక్టరు గారు రక్తపరీక్ష కాగితం చూసి నిదానంగా చెప్పారు. "ఒంట్లో బరువు, లోలోపల వాపు, మనసులో దిగులు... ఈ మూడింటికీ సంబంధం ఉంటుందమ్మా. ఏది ముందు, ఏది వెనక అంటే ఇదీ అని చెప్పలేం. నడవండి, వేళకు నిద్రపోండి. ఒక కౌన్సెలరు పేరు రాస్తాను, మనసు విప్పి మాట్లాడండి."

బరువు సంగతి వాళ్ల ఊరు కంకిపాడంతా చూస్తూనే ఉంది. దిగులు సంగతే ఎవరికీ తెలియకూడదు. బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పే టీచరుకు మనసు బాగోలేదంటే పిచ్చి అంటారు. గుడిలో అయితే విశ్వాసం తగ్గిందంటారు. హెలెన్‌కు ఆ రెండో మాటంటేనే ఎక్కువ భయం.

"ఎవరితోనూ అనకండి," అంది భర్తతో.

"మనం ఒట్లు పెట్టుకోకూడదు గానీ, మాటిస్తున్నా," అన్నాడు అబ్రహాము. అతను సంఘ కార్యదర్శి. మాట తప్పే మనిషి కాదు. అయితే దేవుడికి చెప్పుకోవడం ఒకరికి చెప్పడం కిందికి రాదని అతని నమ్మకం. గుడిలో ప్రార్థన విన్నపాల పెట్టెలో ఒక చీటీ వేశాడు. "పేరు చెప్పుకోలేని ఒక సహోదరికి బయటికి చెప్పుకోలేని బాధ. ప్రార్థించండి." కింద సంతకం కూడా పెట్టలేదు.

ఆరాధన అయ్యాక ఆ చీటీలను స్త్రీల సమాజం వాళ్లు తలా ఒకటి ఇంటికి తీసుకెళ్లి వారమంతా ప్రార్థించడం అక్కడి అలవాటు. ఆ చీటీ సమాజం అధ్యక్షురాలు సంపూర్ణమ్మకు వచ్చింది. గుడి బయట నల్లబల్ల మీద పన్నెండేళ్లుగా ప్రకటనలు రాసేది అబ్రహామే. ఆ రాతలో సాగదీసిన కొమ్ములు ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అబ్రహాము అంత బాధగా రాసిన సహోదరి ఎవరై ఉంటుంది?

సంపూర్ణమ్మ ఒక్కరికే చెప్పింది. "ప్రార్థన కోసమే చెబుతున్నానే, ఎవరితోనూ అనకు," అని కూడా చెప్పింది. ఆ ఒక్కరూ ప్రార్థన కోసమే ఇంకొకరికి చెప్పారు. మధ్యాహ్నానికి ఆ మాటల్లో హెలెన్ కడుపులో గడ్డ లేచింది. మూడింటికల్లా చల్లపల్లి నుంచి మేనత్త ఫోను చేసి, "ఆపరేషను హైదరాబాదులోనంట గదే! మాకొక్క మాట చెప్పొద్దా?" అని ఏడ్చింది.

ఏమీ అర్థంకాక హెలెన్ ఫోను పెట్టేసరికి గేటు చప్పుడైంది. పదకొండు మంది ఆడవాళ్లు, వెనక రోగులకు రాసి ప్రార్థించే నూనె సీసాతో పాస్టరు పాల్ అయ్యగారు. క్యారేజీల్లో సేమ్యా పాయసం, బొబ్బట్లు, పెద్ద రొట్టె. విషయం పసిగట్టిన అబ్రహాము వంటింట్లోకి జారుకున్నాడు.

"తినమ్మా, ఆపరేషనుకి సత్తువుండాలి," అంది సంపూర్ణమ్మ.

"ఏ ఆపరేషను పిన్నీ?"

"ఇంకా దాస్తావేంటే పిచ్చిపిల్లా," అని సంపూర్ణమ్మ మూడో గ్లాసు పాయసం పోసింది. ఎవరో వెనక నుంచి సమాధుల తోటలో పాడే పాట అందుకున్నారు. రెండో చరణానికి హెలెన్ గ్లాసు నేల మీద పెట్టేసింది.

"ఆపండి! నేను చావట్లేదు. నాకు గడ్డా లేదు, ఏమీ లేదు. దిగులు! తొమ్మిది నెలల నుంచీ ఏదీ బాగోట్లేదు. ప్రార్థనకు మోకరిస్తే మాట రావట్లేదు. తిండొక్కటే సయిస్తోంది. చాలా?"

పాట ఆగిపోయింది. హెలెన్ తలవంచుకుని, తను భయపడుతున్న మాట కోసం ఎదురుచూసింది. అది రానే వచ్చింది.

"గట్టిగా ప్రార్థన చేసుకుంటే దిగులు పోదా?" అందొకామె.

పాల్ అయ్యగారు నూనె సీసా మూత బిగించారు. "నేను షుగరు మాత్ర వేసుకునే ప్రసంగానికి నిలబడతాను గదమ్మా. అది అవిశ్వాసమా? కాళ్లకు ఒక డాక్టరు, కళ్లకు ఒక డాక్టరు ఉన్నప్పుడు మనసుకెందుకుండకూడదు?"

సంపూర్ణమ్మ గరిటె పక్కన పెట్టి, కుర్చీలో మెల్లగా కూలబడింది.

"నాకూ రెండేళ్ల నుంచి ఇదేనే హెలెనూ. మోకాళ్లనొప్పులని చెప్పుకు తిరుగుతున్నా."

"నేను గ్యాసు అంటున్నా పిన్నీ," అంది తలుపు దగ్గరున్నావిడ, నెమ్మదిగా.

హెలెన్‌కు ఏడుపు వచ్చింది. అది ఈ తొమ్మిది నెలల ఏడుపులా లేదు. ఏడ్చాక ఊపిరి తేలిగ్గా ఆడింది.

నెల తర్వాత హెలెన్ మళ్లీ బెంజ్ సర్కిల్‌కు వెళ్లింది. కిలోన్నర తగ్గింది, నిద్ర కాస్త పడుతోంది, కౌన్సెలరు దగ్గర రెండుసార్లు మాట్లాడింది. డాక్టరు గారు సంతోషించి, తలుపు సందులోంచి బయటికి చూశారు. కుర్చీలన్నీ స్త్రీల సమాజం వాళ్లతో నిండిపోయాయి.

"వాళ్లంతా మీకేమవుతారమ్మా?"

"ఎవరికీ చెప్పకూడదని వచ్చామండీ, అందరం కలిసి."

ఆ రోజు డాక్టరు గారు మధ్యాహ్నం భోజనం సాయంత్రం అయిదింటికి చేశారు.